లాప్‌వింగ్ తలుపు మీద ఇరవై మూడు మచ్చలు

కాటర్‌బీ కాలువ వారసత్వ సంఘం,
పాత గిడ్డంగి, కాటర్‌బీ రేవు,
వార్విక్‌షైర్.
2 మే 1983

శ్రీమతి ఎడ్నా ట్రస్వెల్ గారికి,
ఆరో నంబరు గుంజకు కట్టిన 'లాప్‌వింగ్' పడవ.

అమ్మా,

సంఘం పక్షాన నమస్కారాలు. కాటర్‌బీని 'వారసత్వ రేవు'గా నిర్ణయించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే, మీ పడవకు ఎదురుగా గట్టు మీద మేం పాతిన పచ్చబోర్డు చదువుకోగలరు.

జూలై ఒకటో తేదీ నుంచి, సంప్రదాయం ప్రకారం గులాబీలతో, కోటల బొమ్మలతో అలంకరించిన పాత సరుకు పడవలకు మాత్రమే ఈ రేవులో చోటుంటుంది. ఇక్కడున్న పన్నెండు పడవల్లో పదకొండు ఇప్పటికే ముస్తాబై ఉన్నాయి. మీ పడవను గట్టు మీద నుంచి పరిశీలించాం. పక్క చెక్కల మీద రంగు పెచ్చులూడింది. ఎడమ తలుపు మీద వట్టి చెక్క కనిపిస్తోంది. కుడి తలుపు మీద, ఒకప్పుడు కోట అయి ఉండవచ్చు అనిపించే ఆకారం ఒకటుంది. మా సభ్యుల్లో ఒకరు దాన్ని ఆవు అన్నారు.

కాబట్టి జూన్ పదో తేదీలోగా పడవకు కొత్త రంగులు వేయించి, సంప్రదాయ అలంకరణ చేయించగలరు. అలంకరణ ఉపసంఘం అధ్యక్షురాలు శ్రీమతి ఓల్డరిడ్జ్ వచ్చి చూస్తారు. అలా జరగని పక్షంలో ఆరో నంబరు గుంజను, దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్న తేలే టీ కొట్టుకు ఇవ్వాల్సి వస్తుంది. దీనివల్ల మీకు వచ్చే ఇబ్బందేమీ లేదు. చోటులేని మిగతా పడవల్లాగే మీరు కూడా, ఎక్కడా పద్నాలుగు రోజులకు మించి ఆగకుండా, కాలువ పొడవునా హాయిగా తిరుగుతూ ఉండొచ్చు.

ఇట్లు,
భవదీయుడు,
సిరిల్ థ్రప్,
గౌరవ కార్యదర్శి

తా.క.: మీరు పడవ కప్పు మీద తాడు కట్టి బట్టలు ఆరేస్తున్నారు. బట్టలు 1930 నాటివైతే సంఘానికి అభ్యంతరం లేదు.

*

లాప్‌వింగ్, ఆరో నంబరు గుంజ
6 మే 1983

గౌరవ కార్యదర్శి థ్రప్ గారికి ఎడ్నా ట్రస్వెల్ రాసేది.

నేను కులాసా. గట్టంతా తిరిగి బోర్డులు పాతే ఓపికుంది గనక మీరూ కులాసాగానే ఉండి ఉంటారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నిలబడి, రెండోసారి పొయ్యి దగ్గర కూర్చుని. కాల్చేద్దామనే కూర్చున్నాను. కానీ ఆసుపత్రి లాండ్రీలో పదహారేళ్లుగా యూనియన్ ప్రతినిధిని. అవతలివాళ్లు రాసిచ్చిన కాగితం కాల్చకూడదని నాకు బాగా తెలుసు.

వారసత్వం అన్నారు. నేను 1931లో ఈ పడవలోనే, ఈ పదడుగుల గదిలోనే పుట్టాను. అప్పుడు పడవ నిండా బొగ్గు. మా అమ్మ పదకొండో లాకు దగ్గర నన్ను కని, పన్నెండో లాకు తలుపు తనే తోసింది. ఆ రోజు కంపెనీ సెలవివ్వలేదు. ఇది మీ పుస్తకాల్లో ఎక్కడైనా రాసుందా?

మేం బొగ్గు మోసినన్నాళ్లూ ఊళ్లోవాళ్లు మమ్మల్ని చూసి తలుపులేసుకున్నారు. బడిలో కూర్చోబెడితే పక్క పిల్లలకు పేలు పడతాయన్నారు. ఇప్పుడు బొగ్గు పోయింది, పని పోయింది, ఆ పని చేసిన మనుషులూ పోయారు. మిగిలిన మా పడవల నీళ్ల డబ్బాని మీరు అద్దాల బీరువాలో పెట్టి, దాని ముందు నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. బతికున్న మనిషిని మాత్రం పద్నాలుగు రోజులకోసారి తోలేస్తామంటున్నారు. ఇదేం గౌరవం థ్రప్ గారూ? మా వస్తువులు కావాలి, మేం వద్దు. అంతేనా?

'హాయిగా తిరుగుతూ' అన్నమాటకి మాత్రం నవ్వొచ్చింది. పొద్దున ఆరింటికి నేను లాండ్రీలో ఉండాలి. ఆరో నంబరు గుంజ నుంచి అక్కడికి ఇరవై నిమిషాల నడక. నేను కాలువంతా తేలుతూ పోతుంటే ఆసుపత్రి నా వెనకాల తేలుతూ వస్తుందా? ఉద్యోగం పోతుంది. యాభై రెండేళ్ల దానికి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? మీరు గుంజ అంటున్నది నాకు కూడు.

అందుకని రంగులు వేస్తాను. 'వేయించడం' కాదు, నేనే వేస్తాను. మా అమ్మ నేర్పిన పని. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. అప్పటినుంచి కుంచె పట్టలేదు. నిన్న ఒక పాత పళ్లెం మీద వేసి చూశాను. మొదటి గులాబీ చూడ్డానికి లేదు. మూడోది చూస్తే మా అమ్మ తిట్టదు.

ఇట్లు,
భవదీయురాలు ఎంతమాత్రమూ కాని,
ఎడ్నా ట్రస్వెల్

తా.క.: అది ఆవు కాదు, కోటే. రెండు బురుజులూ కొమ్ముల్లా కనిపించేది మీవాళ్లకే.

ఇంకో తా.క.: ఆ తాడు మీద ఎడమ నుంచి రెండోది 1930కి ముందుదే. లాకు కాపరి ఈనాక్ బాబాయ్ లోడ్రాయరు. ఆయనకు ఉతికిపెట్టే దిక్కు లేక నేను ఉతుకుతున్నాను. మీ ఉపసంఘం వచ్చి తాకి చూసుకోవచ్చు.

*

కాటర్‌బీ కాలువ వారసత్వ సంఘం
11 జూన్ 1983

శ్రీమతి ట్రస్వెల్ గారికి,

అమ్మా, నమస్కారం.

నిన్న శ్రీమతి ఓల్డరిడ్జ్, ఉపసంఘ సభ్యుడు కర్నల్ బ్లైత్ మీ పడవను చూసి వచ్చారు. మీరు పనికి వెళ్లినట్టున్నారు. పక్క చెక్కలకు వేసిన ఆకుపచ్చ, అంచుల ఎరుపు, చుక్కాని మీది తెల్లచారలు చాలా బాగున్నాయని ఇద్దరూ మెచ్చుకున్నారు. అందుకు సంఘం అభినందనలు.

అయితే తలుపుల విషయంలో ఉపసంఘం కలవరపడింది. రెండు తలుపుల మీదా కలిపి ఇరవై మూడు గుండ్రటి మచ్చలున్నాయి. ముదురు చాకొలెట్ రంగువి పద్నాలుగు, ఇటుక రంగువి అయిదు, లేత గులాబీరంగువి నాలుగు. శ్రీమతి ఓల్డరిడ్జ్ రెండుసార్లు లెక్కపెట్టారు. వాటి మధ్య అక్కడక్కడా పచ్చటి చిన్న మచ్చలు కూడా ఉన్నాయి గానీ అవి లెక్కకు అందలేదు.

కాలువ పడవల అలంకరణ మీద మా దగ్గర ఉన్న ఏ పుస్తకంలోనూ మచ్చలు లేవు. ఇవి గుండీలు కావచ్చునని కర్నల్ గారి అభిప్రాయం. శ్రీమతి ఓల్డరిడ్జ్ గారికి మాత్రం వేరే అనుమానం ఉంది. మీ యూనియన్ వ్యవహారాలు ఊళ్లో అందరికీ తెలిసినవే. ఆసుపత్రిలో ఈమధ్య ఉద్యోగాల్లోంచి తీసేసినవారు ఇరవై ముగ్గురేనా? ఈ మచ్చలు వారికి గుర్తుగా పెట్టిన నిరసనా? అలాగైతే సంఘం రాజకీయాలకు అతీతమని మనవి.

మచ్చలు దేనికి సంకేతమో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
సిరిల్ థ్రప్

తా.క.: మచ్చలను దగ్గరగా చూస్తుండగా శ్రీమతి ఓల్డరిడ్జ్ కోటు చేతికి ఒకటి అంటుకుంది. దాన్ని పై సంఖ్యలో కలపలేదు.

*

లాప్‌వింగ్
14 జూన్ 1983

థ్రప్ గారికి ఎడ్నా వందనాలు.

మీ ఉత్తరం చదివి ఒక్క ముక్క అర్థం కాలేదు. మచ్చలేమిటి? నా తలుపుల మీద మచ్చలు లేవు. గులాబీలున్నాయి. ఎర్రవి పద్నాలుగు, పసుపువి అయిదు, తెల్లవి నాలుగు. నేను పెట్టినవి నాకు తెలియవా? మోకాళ్ల మీద కూర్చుని మూడు ఆదివారాలు పెట్టాను. మీ వాళ్లు చూసింది నా పడవేనా? మీ గిడ్డంగి వెనక తుప్పుపట్టిన ఇసుక పడవ ఒకటుంది. దాని నిండా మచ్చలే. అటు వెళ్లారేమో కనుక్కోండి.

సంకేతం అడిగారు. గులాబీ గులాబీకే సంకేతం. పదిమందీ ఒక పదడుగుల గదిలో ఉండి, పగలంతా బొగ్గు మసిలో బతికేవాళ్లకి తలుపు తెరవగానే కంటికి ఒక పువ్వు కనపడాలి. అంతకంటే ఏం సంకేతం కావాలి?

ఇక ఆసుపత్రిలో తీసేసింది ఇరవై మూడు మంది కాదు, ముప్పై ఒక్కమంది. అయినా అడిగినందుకు సంతోషం. ఈ ఊళ్లో ఒక ఆఫీసు నుంచి ఆ సంఖ్య గురించి అడిగింది మీరే మొదటివారు.

వాన చూస్తున్నారుగా. మే నెలంతా కురిసింది, జూన్‌లోనూ అదే వరస. ఏం పెట్టినా ఆరడం లేదు. అందుకని తలుపుల జోలికి పోకుండా ఊరుకున్నాను.

ఇట్లు,
మచ్చలేని మనిషి,
ఎడ్నా ట్రస్వెల్

తా.క.: ఆ కోటుకు అంటుకుంది పసుపు గులాబీ అయితే టర్పెంటైన్‌తో తుడిస్తే పోతుంది. ఎర్రదైతే పోదు. ఆవిడ ఏ గులాబీని నలిపిందో చెబితే దాన్ని మళ్లీ పెట్టుకుంటాను.

*

కాటర్‌బీ కాలువ వారసత్వ సంఘం
20 జూన్ 1983

శ్రీమతి ట్రస్వెల్ గారికి,

అమ్మా, ఈ ఉత్తరం బాధతోనే రాస్తున్నాను.

నిన్న ఆదివారం ఉపసంఘంతో పాటు నేనూ మీ పడవకు వచ్చాను. మీరు ఆదరంగా టీ ఇచ్చారు, రొట్టె పుడ్డింగు పెట్టారు. అందుకు కృతజ్ఞతలు. మచ్చలు అలాగే ఉన్నాయి. పైగా పెరిగాయి. నీళ్ల డబ్బా మీద, ముక్కాలి పీట మీద, ముంత మీద కూడా వచ్చాయి. శ్రీమతి ఓల్డరిడ్జ్ లెక్క ప్రకారం మొత్తం నలభై ఒకటి.

అంతవరకూ సరే. కానీ మీరు తలుపు వైపు చెయ్యి చూపించి, "ఎలా ఉన్నాయండీ నా గులాబీలు? ఆ మూడోది చూడండి, ఎంత ముద్దొస్తోందో!" అన్నారు. మేం ముగ్గురం ఆ మూడోదాని వంక చూశాం. అది చాకొలెట్ రంగు మచ్చ. కర్నల్ గారు యుద్ధంలో పనిచేసిన మనిషి. ఆయనే టీ కప్పు పక్కన పెట్టేశారు. "చాలా... నిండుగా ఉందమ్మా," అని మాత్రం అన్నారు. తిరిగి వస్తుంటే దారిలో, "ఆవిడ ఒక్కతే ఉంటోందా?" అని అడిగారు.

మేం మనసు లేనివాళ్లం కాదు. కోవెంట్రీ రోడ్డులో ఉన్న కంటి వైద్యుడి చిరునామా ఈ ఉత్తరంతో జతచేశాను. దయచేసి ఒకసారి చూపించుకోండి. అయినా నిబంధన నిబంధనే. ఈ నెల ఇరవై అయిదున ప్రత్యేక సమావేశంలో ఆరో నంబరు గుంజ విషయం తేలుస్తారు. టీ కొట్టువారు కూడా హాజరవుతామని రాశారు.

ఇట్లు,
మీ క్షేమం కోరే,
సిరిల్ థ్రప్

తా.క.: ఆ పుడ్డింగు ఎలా చేస్తారో శ్రీమతి ఓల్డరిడ్జ్ కనుక్కోమన్నారు. ఇది అధికారికం కాదు.

*

లాప్‌వింగ్
24 జూన్ 1983

థ్రప్ గారికి,

కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లొచ్చాను. ఆయన పెట్టిన అక్షరాల పలకలో అట్టడుగు వరస చదివాను. దాని కింద ముద్రించిన కంపెనీ పేరు కూడా చదివాను. "మీ కళ్లు అందరికీ ఉంటే ఈ దుకాణం పెట్టేవాణ్ణి కాను," అన్నాడాయన. చీటీ జతచేశాను. మీ ఉపసంఘం తొమ్మిది మంది చీటీల కోసం ఎదురుచూస్తుంటాను.

అక్కణ్ణుంచి తిన్నగా లాకు దగ్గరికి పోయాను. ఈనాక్ బాబాయ్ గట్టు మీద కూర్చుని పైపు కాలుస్తున్నాడు.

"చూడు బాబాయ్, నాకు కళ్లు పోయాయట. మతి కూడా పోయిందని ఉత్తరంలో రాయబోయి మర్యాదకి మానేశారు," అని మీ ఉత్తరం చేతికిచ్చాను.

చదివాడు. పైపు తీశాడు. "ఏమే పిల్లా, ఇప్పుడా తలుపు మీద ఏముంది?"

"గులాబీలు."

"రెక్కలు పెట్టావా?"

"వాన ఆగందే ఎలా పెడతాను?"

"మరి వాళ్లకెలా తెలుస్తుందే పిచ్చిమొహమా! వాళ్లు చూసిందంతా పూర్తయిన గులాబీలే. అది ఎలా మొదలవుతుందో వాళ్లలో ఎవడు చూశాడు?"

నేను అక్కడే లాకు తలుపు దూలం మీద కూలబడి నవ్వాను. అవతలి వైపు పోతున్న పడవ వాళ్లు ఆగి, ఎవరైనా పోయారా అని అడిగారు.

వినండి థ్రప్ గారూ. పడవ గులాబీ మచ్చతోనే మొదలవుతుంది. ఎర్రదానికి కింద చాకొలెట్ బిళ్ల, పసుపుదానికి ఇటుకరంగు బిళ్ల, తెల్లదానికి గులాబీరంగు బిళ్ల. ఆ బిళ్ల బాగా ఎండాలి. అప్పుడు దానిమీద ఒక్కో విసురుకి ఒక్కో రెక్క పెట్టుకుంటూ పోతాం. తడి మీద పెడితే రెక్క జారిపోయి మీసంలా వేలాడుతుంది. బిళ్ల పెట్టగానే నా కంటికి గులాబీ కనపడుతుంది. ఎదుటివాళ్లకి కనపడదేమోనని నాకు తట్టనే లేదు. పిండిముద్ద చూసి ఇది రొట్టె కాదని ఎవరైనా ఉత్తరం రాస్తారా?

మీరు రాస్తారు. ఎందుకంటే మీ బీరువా నిండా ఉన్నవి పూర్తయిన వస్తువులే. పని చేస్తున్న చెయ్యిని మీరెప్పుడూ చూడలేదు. చెయ్యి ఉండగా చూడ్డానికి రాలేదు మరి. మీ ఉపసంఘంలో ఒక్కరి గోళ్లలోనూ రంగు లేదు. అలాంటివాళ్లు నా తలుపు ఎలా ఉండాలో చెబుతారు!

తలుపులు విప్పేశాను. ఈ వానలో ఇక్కడ ఆరవు. లాండ్రీలో దుప్పట్లు ఆరబెట్టే వేడిగది ఉంది. రేపు వాటిని అక్కడికి మోసుకెళతాను. ఎల్లుండి ఆదివారం రెక్కలు పెడతాను. సమావేశంలో ఈ ఉత్తరం గట్టిగా చదవండి. నా గుంజ దీనిమీదే ఉంది.

ఇట్లు,
రెండు కళ్లూ బాగున్న,
ఎడ్నా

తా.క.: పుడ్డింగుకి ముందు రొట్టె నానబెట్టాలి. నానబెట్టిన ముద్ద చూసి ఆవిడ భయపడొద్దని చెప్పండి. అదే పుడ్డింగవుతుంది.

*

కాటర్‌బీ కాలువ వారసత్వ సంఘం
25 జూన్ 1983

గౌరవనీయులైన శ్రీమతి ట్రస్వెల్ గారికి,

అమ్మా, శుభాకాంక్షలు! ఏ ముఖంతో క్షమాపణ అడగాలో తెలియడం లేదు.

ఈ రోజు సమావేశం మొదలవుతుండగా కర్నల్ గారు ఒక అట్టపెట్టెతో వచ్చారు. కాలం చేసిన ఒక పాదిరీగారి సామానులోది. అందులో 1937లో తీసిన ఫోటో ఒకటి ఉంది. ఫోటోలో ఉన్నది మీ లాప్‌వింగే! తలుపుల ముందు ఒక స్త్రీ, ఒక కుక్క. ఆ తలుపుల మీద స్పష్టంగా, నల్లగా, గుండ్రంగా... మచ్చలు! శ్రీమతి ఓల్డరిడ్జ్ లెక్కపెట్టారు. ఇరవై మూడు.

సభలో అందరూ లేచి నిలబడ్డారు. మేం పుస్తకాలు పట్టుకుని వేలాడుతుంటే, మీరు ఎవరికీ చెప్పకుండా అసలైన అలంకరణను పరిశోధించి, సంఖ్యతో సహా తిరిగి నిలబెట్టారు. మచ్చలను మీరు 'గులాబీలు' అనడం మీ పడవలవాళ్ల పాత పలుకుబడి అయి ఉంటుందని కూడా తేల్చాం. టీ కొట్టువారిని సాదరంగా పంపించేశాం.

తీర్మానం ఇది: ఆరో నంబరు గుంజ మీ జీవితకాలం మీదే. షరతు ఒక్కటే. తలుపుల మీది మచ్చలను యథాతథంగా ఉంచాలి. వాటి మీద ఏమీ చేర్చరాదు, ఒక్క చుక్క కూడా. మిగతా పడవల విషయంలోనూ తగిన చర్యలు తీసుకుంటున్నాం.

ఇట్లు,
సిగ్గుతోనూ గర్వంతోనూ,
సిరిల్ థ్రప్

తా.క.: ఫోటోను పెద్దది చేయించి మా గోడకు పెడుతున్నాం. వెనకాల పాదిరీగారి రాత ఇలా ఉంది: 'లాప్‌వింగ్. గుర్రం పేరు కెప్టెన్. పేరు తెలియని స్త్రీ.' పడవ లాగే ఆ గుర్రం ఫోటోలో లేదు.

ఇంకో తా.క.: మీ ఉత్తరం మధ్యాహ్నం టపాలో అందింది. ఇంకా విప్పలేదు. ఇప్పుడే బండెక్కి స్కెగ్నెస్‌లో మా చెల్లెలి దగ్గరికి వెళుతున్నాను. నాలుగో తేదీన వచ్చి తీరిగ్గా చదువుకుంటాను. ఇక తొందరేముంది!

*

లాప్‌వింగ్
28 జూన్ 1983

థ్రప్ గారూ,

ఈసారి కులాసా ప్రశ్నలు లేవు. మీ ఆఫీసుకెళ్లి ఆ ఫోటో చూసొచ్చాను.

ఆ పేరు తెలియని స్త్రీకి పేరుంది. కెజయా హ్యాంబ్లీ. మా అమ్మ. కుక్క పేరు నిప్. నీళ్ల డబ్బా వెనకాల ఒక మోచెయ్యి కనపడుతుంది చూడండి, అది నాది. నాకప్పుడు ఆరేళ్లు. గుర్రం ఫోటోలో లేకపోయినా దాని పేరు అడిగి రాసుకున్న పెద్దమనిషికి, ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి పేరు అడగాలని తోచలేదు. మీ తొమ్మిదిమందికీ ఇన్ని రోజులూ ఏది తోచలేదో అదే.

ఇప్పుడు ఆవిడ కుడిచెయ్యి చూడండి. అందులో కుంచె ఉంది. అమ్మ ఎన్ని పెట్టేదో నేనూ అన్నే పెట్టాను, ఆ ఇరవై మూడూ లెక్కపెట్టారు. ఒక్క కుంచె కనపడలేదా?

నాకు గుర్తుంది. వారం పాటు వాన. ఆ రోజే తెరిపిచ్చింది. అమ్మ రెక్కలు మొదలుపెట్టబోతుంటే పాదిరీగారు సైకిలు దిగి, "అలాగే నిలబడమ్మా," అన్నారు. "పువ్వులు ఇంకా అవలేదయ్యగారూ, రేపు రండి," అంది అమ్మ. "రేపు నేనుండను," అన్నారాయన. అమ్మ ముఖం ఎర్రబడిపోయింది. ఆ ఫోటో సంగతి చచ్చేదాకా తలుచుకుని సిగ్గుపడేది. "సగం పని ముందు నిలబెట్టాడే. చూసినవాళ్లు నన్నేమనుకుంటారు?" అనేది. "ఎవరు చూస్తారులే అమ్మా," అనేదాన్ని. ఇప్పుడు పెద్దది చేయించి గోడకు పెడుతున్నారు!

సగంలో ఆగిపోయిన పని మీకు ముద్దు. ఎందుకంటే ఆగిపోయింది ఎదురు మాట్లాడదు. దాన్ని పూర్తి చేసే మనిషి మాత్రం మాట్లాడుతుంది.

మొన్న ఆదివారం వేడిగదిలో, దుప్పట్ల మధ్య, రెక్కలన్నీ పెట్టేశాను. షిఫ్టులో ఉన్న ఆడవాళ్లు పని మానేసి చుట్టూ చేరారు. మొదటి గులాబీ విచ్చుకోగానే ఎవరో చప్పట్లు కొట్టారు. వార్నిష్ ఆరడానికి తలుపులు ఇంకా అక్కడే ఉన్నాయి. సోమవారం తెచ్చి బిగిస్తాను.

కాబట్టి మీ షరతు తప్పాను. జీవితకాలం గుంజ మీరే ఉంచుకోండి. శుక్రవారం జూలై ఒకటి, వచ్చి తాడు విప్పుకోండి. ఉద్యోగం పోతే పోయింది. మా అమ్మని ఇంకో యాభై ఏళ్లు మచ్చల ముందు నిలబెట్టను.

ఎడ్నా ట్రస్వెల్,
కెజయా హ్యాంబ్లీ కూతురు

తా.క.: స్కెగ్నెస్‌లో సముద్రం చూడండి. అది కూడా పూర్తవలేదేమో, ఒక ఉత్తరం రాయండి.

*

కాటర్‌బీ రేవు
5 జూలై 1983

ఎడ్నా గారికి సిరిల్ థ్రప్ నమస్కరించి రాసేది.

నిన్న జరిగిందంతా మీకు తెలుసు. అయినా మీరు, "నోటిమాట కాదు, కాగితం మీద పెట్టండి. ఇన్నాళ్లూ అదేగా మీ అలవాటు," అన్నారు. పెడుతున్నాను.

నిన్న ఉదయం స్కెగ్నెస్ నుంచి వచ్చి వంతెన దగ్గర బస్సు దిగాను. రేవు వైపు చూసి, నా కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూశాను. పదకొండు పడవలకూ మచ్చలు. తలుపులకు మచ్చలు, నీళ్ల డబ్బాలకు మచ్చలు, చుక్కానులకు మచ్చలు. మా ఆఫీసు తలుపుకు మచ్చలు. కర్నల్ గారి కుక్క గూటికి కూడా. సమావేశం తీర్మానాన్ని శ్రీమతి ఓల్డరిడ్జ్ నేను లేనప్పుడు పడవలన్నిటికీ పంచిపెట్టారట. శనివారం, ఆదివారం అందరూ కూర్చుని పెట్టేశారు. మొత్తం మూడు వందల ఎనభై ఆరు. ఆవిడ లెక్కే.

మీరు ఆ రెండు రోజులూ మీ పడవ కప్పు మీద టీ తాగుతూ చూస్తూ కూర్చున్నారని ఈనాక్ గారు చెప్పారు. "ఒక్కమాట చెప్పకూడదా?" అని నేను మిమ్మల్ని అడిగితే, "నన్నెవరూ అడగలేదే," అన్నారు. నిజమే. అడగలేదు.

ఆఫీసులో నిలబడే మీ రెండు ఉత్తరాలూ చదివాను. చదివాక కూర్చున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి. నది ఎక్కడ పుడుతుందో ముందు తెలుసుకోవాలిరా అని వాళ్లను బెత్తంతో కొట్టాను. తర్వాత మీ పడవ దగ్గరికి వచ్చాను. మీరు అప్పుడే తలుపులు బిగిస్తున్నారు. ఆ గులాబీల గురించి నేనేమీ రాయను. రాయడం రాదు.

సాయంత్రం అందర్నీ పిలిచి రెండు ఉత్తరాలూ గట్టిగా చదివాను. భూతద్దంతో ఫోటో చూశాం. కుంచె ఉంది. శ్రీమతి ఓల్డరిడ్జ్ భూతద్దం కింద పెట్టారు. "రెండుసార్లు లెక్కపెట్టాను సిరిల్. ఒక్కసారి కూడా ఇదేమిటమ్మా అని ఆవిణ్ణే అడగలేదు," అన్నారు. కర్నల్ గారు, "నాకు మొదటినుంచీ అనుమానమే," అన్నారు. "మరి కుక్క గూటికి ఎందుకు పెట్టావయ్యా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

సరే, మచ్చలు గీకేసి పాత గులాబీలనే బయటికి తీద్దామన్నాను. అందరూ నేల చూపులు చూశారు. అప్పుడు బయటపడింది. ఆ పదకొండు పడవల మీద ఇన్నాళ్లూ మేం ఫోటోలు తీసి, పుస్తకాలు వేసి, దేశం నలుమూలలా చూపించిన గులాబీల్లో ఒక్కటీ కుంచెతో వేసింది కాదు. అన్నీ బర్మింగ్‌హామ్‌లో కొనుక్కొచ్చి అంటించిన స్టిక్కర్లు. మచ్చలు పెట్టడానికి వాటిని పీకి పారేశారు. రెక్కలు పెట్టడం ఒక్కరికీ రాదు.

అంటే, మా నిబంధన ప్రకారం జూలై ఒకటి నుంచి కాటర్‌బీ వారసత్వ రేవులో ఉండడానికి అర్హత ఉన్న పడవ ఒక్కటే. మీది. మిగిలిన పదకొండూ పద్నాలుగు రోజులకోసారి హాయిగా తిరగాలి. ఆ నిబంధన రాసింది నేనే. అందులో కర్నల్ గారి పడవ కూడా ఉంది. సభను కాసేపు ఆపి మళ్లీ మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాను.

ఇక మీరడిగినవి కాగితం మీద:

ఆరో నంబరు గుంజ మీది. ఏ షరతూ లేదు. ఆ నిబంధన రద్దయింది, ఎవరి పడవా ఎక్కడికీ కదలక్కర్లేదు. ఇందుకు మీరే పట్టుబట్టారని నేను సభలో చెప్పాను. "తోలేయడం నాకు జరిగితే తప్పు, వాళ్లకి జరిగితే న్యాయమా?" అని మీరన్న మాట యథాతథంగా రాసుకున్నాం. ఫోటో కింద 'కెజయా హ్యాంబ్లీ, పడవ చిత్రకారిణి, పని మధ్యలో' అని ఉంటుంది. నిప్ పేరు, మీ మోచెయ్యి కూడా. దాని పక్కనే మీ తలుపుల ఫోటో పెడతాం, పూర్తయిన పని ఎలా ఉంటుందో తెలిసేలా. పచ్చబోర్డు పీకేశాను. గుంత పూడ్చాలి.

రెక్కలు మీరే పెట్టిపెడతారా అని నేనడిగితే, "నాలుగొందల గులాబీలా? నాకు ఉద్యోగముందండీ. నేర్పుతాను, ఎవరిది వాళ్లు పెట్టుకోండి," అన్నారు. ఆ మాట చెప్పగానే సభలో అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆదివారం ఉదయం పదింటికి ఇరవైమంది మీ పడవ ముందు గట్టు మీద ఉంటారు. ఎవరి కుంచె వాళ్లే తెచ్చుకుంటారు. వానొస్తే వేడిగది వాడుకోవచ్చని, ఈ ఉదయం నేనే పట్టుకెళ్లి ఇచ్చిన ఉత్తరం చూసి ఆసుపత్రివారు ఒప్పుకున్నారు. ముప్పై ఒక్కమందిని మళ్లీ పనిలోకి తీసుకోండని కూడా ఆ ఉత్తరంలోనే అడిగాను. దానికి ఇంకా జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను. ఉత్తరాలు రాయడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని.

ఇట్లు,
ఆదివారం కోసం ఎదురుచూస్తున్న,
సిరిల్ థ్రప్

తా.క.: ఆగలేక, ఇందాక మా ఆఫీసు తలుపు మీద ఒక మచ్చకు అయిదు రెక్కలు పెట్టి చూశాను. ఈనాక్ గారు అటుగా పోతూ ఆగి, తల అటూ ఇటూ వంచి చూసి, "క్యాబేజీ మాత్రం అచ్చంగా దిగిందయ్యా," అన్నారు. సిగ్గేసి గుడ్డతో తుడిచేయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఉండనీ. మొదటిది తుడవకూడదు. రెండోది వేశాక, ఎంత బాగుపడ్డావో చూసుకోవాలిగా." ఉంచాను. రెండోదానికి మచ్చ పెట్టాను. ఆరుతోంది.